చలికి మొరాయించే పాత డీజిల్ ఇంజిన్: లోటు వేడిదా, వేగానిదా, ఇంధనానిదా?

గడ్డకట్టే చలిలో పాత డీజిల్ లారీ స్టార్ట్ కాకపోతే చుట్టూ చేరినవాళ్లు తలో మాట చెబుతారు. హీటర్ ప్లగ్గులు (ఇంజిన్ లోపల ఎర్రగా కాలే చిన్న హీటర్లు) పోయాయని ఒకరు, బ్యాటరీ దిగిందని ఒకరు, డీజిల్ పేరుకుపోయిందని ఇంకొకరు. ఈలోగా ఎవరో ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే డబ్బా తెచ్చి ఎయిర్ ఫిల్టర్ మూత విప్పేస్తుంటారు. వాళ్లలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. చిక్కల్లా, చలిలో స్టార్టింగ్‌కి సాయపడే పరికరాలన్నిటినీ ఒకే గాటన కట్టేయడం దగ్గర వస్తుంది. ఒకటి లేకపోతే ఇంకొకటి వాడేసుకోవచ్చు అనుకుంటారు. నిజానికి ఒక్కో పరికరం ఒక్కో లోటును పూడుస్తుంది. లోటు ఎక్కడుందో చూడకుండా చేతికందింది వాడితే పని జరగకపోవడమే కాదు, ఒక్కోసారి పిస్టన్లు పగులుతాయి.

డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ పైకొస్తూ గాలిని పదహారు, పదిహేడు వంతుల్లో ఒక వంతుకి నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకి గాలి వేడెక్కుతుంది, అందులోకి నాజిల్ చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. సైకిల్‌కి గాలి కొడుతుంటే పంపు అడుగు కాలడం లాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజిన్ ఆగ్స్‌బర్గ్‌లో పని చేసి చూపించిన నాటి నుంచీ ఈ సూత్రం ఇంతే.

ఇప్పుడు చిన్న లెక్క. 17 రెట్ల కంప్రెషన్ ఉన్న ఇంజిన్‌లోకి 20 డిగ్రీల సెల్సియస్ గాలి వెళ్లిందనుకుందాం. వేడి ఎటూ పోకుండా, గాలి ఎక్కడా కారకుండా నొక్కగలిగితే అది సుమారు 630 డిగ్రీలు దాటుతుంది. మైనస్ 20 గాలి అయితే 500 దగ్గర ఆగుతుంది. బయట తగ్గింది 40 డిగ్రీలే, లోపల తగ్గింది అంతకు మూడు రెట్లు. గాలిని కాస్త వేడిచేసి పంపితే అంత తేడా ఎందుకు వస్తుందో ఇక్కడే తెలుస్తుంది. అక్కడ పెంచిన ప్రతి డిగ్రీ పైకి వెళ్లేసరికి రెండు మూడు డిగ్రీలవుతుంది.

అయితే డీజిల్ దానంతటదే అంటుకునే ఉష్ణోగ్రత 210 నుంచి 250 డిగ్రీల మధ్య ఉంటుంది. మైనస్ 20లో కూడా 500 డిగ్రీలు వస్తుంటే ఇబ్బంది ఏముంది? ఇబ్బంది ఏమిటంటే, ఆ 500 కాగితం మీదే వస్తుంది. రాత్రంతా చలిలో నానిన ఇనుప గోడలు గాలిలోని వేడిని లాగేస్తాయి. పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి గాలి కిందికి జారిపోతుంది. ఈ రెండు నష్టాలూ ఇంజిన్ ఎంత నెమ్మదిగా తిరిగితే అంత పెరుగుతాయి, ఎందుకంటే వేడి జారుకోవడానికి అంత వ్యవధి దొరుకుతుంది. ఈడ్చుకుంటూ తిరిగే ఇంజిన్‌లో ఆ 500 కాస్తా 300 దరిదాపులకు దిగిపోవచ్చు. దానికి తోడు, చిమ్మిన డీజిల్ ఆవిరై అంటుకోవడానికి ఉన్న సమయం సెకనులో చిన్న వంతు. అంత తక్కువ వ్యవధిలో పని జరగాలంటే పుస్తకంలోని 250 డిగ్రీలు సరిపోవు.

కాబట్టి వేడి లోటు, వేగం లోటు ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. మూడోది డీజిల్ అసలు నాజిల్ దాకా రాకపోవడం. ఈ మూడింటిలో ఏది జరుగుతోందో తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు, చెవి, కన్ను చాలు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ బరువుగా మూలుగుతూ తిరిగితే వేగం లోటు. చురుగ్గా తిరుగుతూ పొగగొట్టం నుంచి తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, అంటుకోవడం లేదు; అది వేడి లోటు. చురుగ్గా తిరుగుతున్నా పొగ జాడే లేదంటే డీజిల్ రావడం లేదు. పొగ లేని ఇంజిన్‌కి హీటర్ ప్లగ్గులు మార్చి డబ్బు వదిలించుకున్నవాళ్లు చాలామంది ఉంటారు.

ఇంజిన్ లోపలి హీటర్లు

వేడి లోటుకి ఇంజిన్ తయారీదారులు రకరకాల దారులు పట్టారు. మీ ఇంజిన్‌ది ఏ దారో తెలిసి ఉండడం ముఖ్యం. 1983 నుంచి 1994 దాకా ఫోర్డ్ ట్రక్కుల్లో వచ్చిన 6.9, 7.3 లీటర్ల ఐడీఐ (ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజిన్లు, 1982లో వచ్చిన జీఎమ్ 6.2 లీటర్ల ఇంజిన్ వంటివాటిలో డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి కాకుండా పక్కనుండే చిన్న ప్రీచాంబర్‌లోకి పడుతుంది. సాఫీగా, చప్పుడు తక్కువగా నడవడానికి ఆ ఏర్పాటు బాగుంటుంది. కానీ ఆ చిన్న గదికి లోపలున్న గాలితో పోలిస్తే గోడలు ఎక్కువ, ఆ గోడలే వేడిని మింగేస్తాయి. అందుకే వీటికి 20 రెట్లు దాటిన కంప్రెషన్ ఉన్నా హీటర్ ప్లగ్గులు లేకుండా గతి లేదు. గట్టి చలే అక్కర్లేదు, ఓ మోస్తరు చల్లటి పూట కూడా ప్లగ్గులు పని చేయకపోతే సెల్ఫ్ కొట్టీ కొట్టీ విసుగొస్తుంది.

హీటర్ ప్లగ్ మొన 800 డిగ్రీలు దాటి ఎర్రబడుతుంది. ఎనిమిది ప్లగ్గులు కలిసి బ్యాటరీ నుంచి వంద ఆంపియర్లకు పైగానే లాగుతాయి. అంత కరెంటు ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) గుండా పోతుంది కాబట్టి ప్లగ్గుల కంటే ముందు రిలే చావడం మామూలే. డ్యాష్‌బోర్డులో దీపం వెలిగి ఆరింది, టక్కుమని శబ్దం కూడా వచ్చింది, ఇంకేం కావాలి అనుకోకూడదు. శబ్దం వచ్చినా రిలే లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు. తర్వాత వచ్చిన ఫోర్డ్ 7.3 పవర్‌స్ట్రోక్ ఇంజిన్‌లో అయితే ఆ దీపానికీ ప్లగ్గులు పని చేసే సమయానికీ నేరుగా లంకె లేదు. దీపం కొద్ది సెకన్లలో ఆరిపోతుంది, చలిని బట్టి ప్లగ్గులు రెండు నిమిషాల దాకా వేడిగానే ఉంటాయి. గట్టి చలిలో దీపం ఆరాక ఇంకొంచెం ఆగి సెల్ఫ్ కొట్టేవాళ్లు ఊరికే ఆగడం లేదు.

పరీక్ష తేలిక. ప్లగ్ వైరు ఊడదీసి, ప్లగ్ కొనకీ ఇంజిన్ బాడీకీ మధ్య రెసిస్టెన్స్ కొలవాలి. బాగున్నది ఒకటి రెండు ఓమ్‌లకు మించి చూపదు, పోయినదానిలో మీటర్ కదలదు. రిలే అవుట్‌పుట్ దగ్గర వోల్టేజ్ కూడా చూడాలి. ప్లగ్గుల్ని ఎంతసేపు వేడెక్కించాలో చూసుకునే కంట్రోలర్ మొరాయిస్తోందని దాన్ని తీసేసి పుష్ బటన్ పెట్టించుకునే అలవాటు పాత ట్రక్కుల్లో ఉంది. అది పని చేస్తుంది, కానీ వేలు ఎంతసేపు నొక్కి ఉంచాలన్నది ఇక మన బాధ్యత. కొన్ని ఇంజిన్లలో 6 వోల్టుల ప్లగ్గులకి 12 వోల్టులు ఇచ్చి త్వరగా వేడెక్కిస్తారు. వాటిని కాస్త ఎక్కువసేపు నొక్కితే మొన ఉబ్బిపోతుంది. ఉబ్బిన ప్లగ్ రంధ్రంలోంచి బయటికి రాదు, బలవంతంగా లాగితే మొన విరిగి లోపల పడుతుంది. జీఎమ్ 6.2లో మొదట వచ్చిన ప్లగ్గులు ఇందుకే చెడ్డపేరు తెచ్చుకున్నాయి. ఉష్ణోగ్రతని తమంతట తామే అదుపులో ఉంచుకునే ప్లగ్గులు తర్వాత వచ్చాయి, మార్చేటప్పుడు అవే వేయించడం మేలు.

డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో గోడల నష్టం తక్కువ కాబట్టి చాలావాటికి హీటర్ ప్లగ్గులే ఉండవు. 1989లో డాడ్జ్ ర్యామ్‌లోకి వచ్చిన కమిన్స్ 5.9 దీనికి పేరున్న ఉదాహరణ. అందులో గాలి లోపలికొచ్చే దారిలో గ్రిడ్ హీటర్ అనే జాలీ ఉంటుంది. అది ఎర్రగా కాలి వచ్చే గాలిని వేడి చేస్తుంది. ఇందాకటి లెక్క ఇక్కడ పని చేస్తుంది: మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో) 30 డిగ్రీలు పెంచితే పైన 60 నుంచి 90 పెరుగుతుంది. ఇంజిన్ అందుకున్నాక కూడా కొన్ని నిమిషాలు ఆ హీటర్ ఆగి ఆగి వెలుగుతూ ఉంటుంది, అప్పుడు హెడ్‌లైట్లు మసకబారి మళ్లీ వెలుగుతాయి. ఆల్టర్నేటర్ పోయిందని కంగారు పడక్కర్లేదు.

ఇంకో పాత పద్ధతి, మానిఫోల్డ్‌లోనే చిన్న మంట పెట్టడం. ఎర్రబడ్డ కాయిల్ మీద చుక్కలు చుక్కలుగా డీజిల్ పడి మండుతుంది, ఆ మంట మీదుగా గాలి సిలిండర్లలోకి వెళ్తుంది. పెర్కిన్స్ ఇంజిన్లలో థర్మోస్టార్ట్ అనే పేరుతో ఇది కనిపిస్తుంది. కాయిల్ బాగానే ఉన్నా చుక్కల డీజిల్ వచ్చే చిన్న గొట్టం ఎండిపోయి ఉండడం దీనిలో తరచూ ఎదురయ్యే లోపం, దాన్ని చూసేవాళ్లు తక్కువ.

ఈథర్: పని చేసే కారణమే ప్రమాదానికీ కారణం

ఈథర్ దాదాపు 160 నుంచి 180 డిగ్రీల మధ్యే అంటుకుంటుంది. అంత చలిలోనూ, అంత నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌లోనూ ఆ వేడి ఎలాగైనా వస్తుంది. అందుకే చచ్చినట్టున్న ఇంజిన్ కూడా ఒక్క చిమ్ముతో లేచి కూర్చుంటుంది. కానీ డీజిల్ పిస్టన్ పైకొచ్చాక నాజిల్ వదిలితేనే మండుతుంది, ఎప్పుడు మండాలో పంపు నిర్ణయిస్తుంది. ఈథర్ అలా కాదు. అది గాలితోపాటే లోపలికి వచ్చేసింది, 170 డిగ్రీలు ఎప్పుడు తగిలితే అప్పుడు, అంటే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే, ఒక్కసారిగా పేలుతుంది. పైకొచ్చే పిస్టన్‌ని కిందికి తోసే ఆ దెబ్బకి రింగుల గాడులు విరుగుతాయి, హెడ్ గాస్కెట్ పోతుంది, డోసు ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీనికి తోడు హీటర్ ప్లగ్గులో, గ్రిడ్ హీటరో వేడిగా ఉన్న ఇంజిన్‌లో కొడితే అది సిలిండర్ దాకా కూడా వెళ్లదు. మానిఫోల్డ్‌లోనే మంట లేస్తుంది, ఎదురుగా డబ్బా పట్టుకుని నిలబడిన మనిషి మొహం మీదికి వస్తుంది. అలాంటి హీటర్లున్న ఇంజిన్‌కి ఈథర్ వద్దే వద్దు. ఇందులో నాకు మినహాయింపులేమీ కనిపించవు.

మరి పెద్ద లారీల్లో, డెట్రాయిట్ డీజిల్ టూ స్ట్రోక్ వంటి పాత ఇంజిన్లలో ఈథర్ కిట్లు అమర్చి ఉండేవి కదా అని అడగొచ్చు. నిజమే. వాటికి ఇతర హీటర్లు ఉండవు. పైగా ఆ కిట్‌లో ఒక వాల్వు కొలిచిన డోసునే, ఇంజిన్ తిరుగుతుండగా మాత్రమే వదులుతుంది. డబ్బా పట్టుకుని ఉజ్జాయింపుగా కొట్టడానికీ దీనికీ పోలిక లేదు. హీటర్లేవీ లేని ఇంజిన్‌కి వేరే దారి లేక వాడాల్సి వస్తే, సెల్ఫ్ తిరగడం మొదలయ్యాకే, దూరం నుంచి, చిటికెడంత. ముందే కొట్టి తర్వాత సెల్ఫ్ కొట్టడం అంటే మానిఫోల్డ్ నిండా పేలుడు సామాను నింపి అంటించడమే.

ఇంజిన్‌కి ఈథర్ అలవాటైపోతుందని ఒక మాట ఉంది. ఇనుముకి అలవాట్లుండవు. రింగులు అరిగి కంప్రెషన్ తగ్గిన ఇంజిన్ ప్రతి ఏడాదీ ఇంకాస్త సాయం అడుగుతుంది, ప్రతిసారీ ఈథర్ దెబ్బ ఆ రింగుల్ని ఇంకాస్త పాడు చేస్తుంది. బయటి నుంచి చూసేవాళ్లకి అది అలవాటులా కనిపిస్తుంది. చేయించాల్సింది కంప్రెషన్ టెస్ట్.

సెల్ఫ్ వేగం

చాలా పాత డీజిల్ ఇంజిన్లు నిమిషానికి 100 నుంచి 150 చుట్లకి తక్కువ తిరిగితే అందుకోవు. చలి ఈ వేగాన్ని రెండు వైపుల నుంచీ తగ్గిస్తుంది. మైనస్ 18 దగ్గర బ్యాటరీ తన శక్తిలో దాదాపు సగమే ఇవ్వగలదు. బ్యాటరీ మీద రాసి ఉండే సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్) అంకె ఆ ఉష్ణోగ్రత దగ్గరే, 30 సెకన్ల పాటు, 7.2 వోల్టులకి పడిపోకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెబుతుంది. డీజిల్ లారీకి బ్యాటరీ కొనేటప్పుడు చూడాల్సిన అంకె అదే. రెండు బ్యాటరీలుంటే రెండూ ఒకేసారి మార్చాలి, లేకపోతే పాతది కొత్తదాన్ని లాగేస్తుంది. ఇంకో సంగతి: నిండా చార్జ్ ఉన్న బ్యాటరీలోని ద్రవం మైనస్ 60 దాకా గడ్డకట్టదు, ఖాళీ అయినది మైనస్ 10 లోపలే గడ్డకట్టి పెట్టె పగులుతుంది.

అవతలి వైపు ఆయిల్. గ్రేడులో డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఇంజిన్ ఎంత తేలిగ్గా తిరుగుతుందో చెబుతుంది. 15డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 20 దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 0డబ్ల్యూని మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. పాత లారీల్లో అలవాటుగా పోసే 15డబ్ల్యూ-40 గట్టి చలిలో సెల్ఫ్ మోటార్ మీద పెద్ద బరువు. 7.3 పవర్‌స్ట్రోక్‌లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే దాని నాజిళ్లు ఆయిల్ ప్రెషర్‌తోనే పని చేస్తాయి. ఆ ప్రెషర్ సుమారు 500 పీఎస్ఐకి చేరేదాకా డీజిల్ చిమ్మనే చిమ్మవు. ఆయిల్ చిక్కబడితే అక్కడ వేగం లోటు, ఇంధనం లోటు రెండూ ఒకేసారి వస్తాయి.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. హీటర్ ప్లగ్గులకీ, గ్రిడ్‌కీ కావాల్సిన కరెంటు, సెల్ఫ్‌కి కావాల్సిన కరెంటు ఒకే బ్యాటరీ నుంచి రావాలి. వేడి కోసం ఎంత ఖర్చు పెడితే వేగానికి అంత తగ్గుతుంది. బలహీనమైన బ్యాటరీతో పదే పదే ప్లగ్గులు వేడెక్కించడం అంటే ఒక లోటు పూడ్చడానికి ఇంకో లోటు తవ్వడం. ఇంజిన్ లోపలి సాయాలన్నిటికీ ఉన్న హద్దు ఇదే. బయటి నుంచి వేడి తెచ్చే పరికరాల విలువ ఇక్కడ కనిపిస్తుంది.

పాత క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్లు ఈ చిక్కుముడిని విప్పిన తీరు ముచ్చటేస్తుంది. పెద్ద డీజిల్ ఇంజిన్ పక్కన చిన్న పెట్రోల్ ఇంజిన్ ఉండేది. రెండిటికీ కూలెంట్ ఒకటే, చిన్నదాని పొగగొట్టం పెద్దదాని గాలి మానిఫోల్డ్ మీదుగా పోయేది. అది నిమిషాల తరబడి పెద్ద ఇంజిన్‌ని తిప్పుతూ, గోడల్నీ గాలినీ వెచ్చబెడుతూ ఉండేది. బ్యాటరీ బెంగే లేదు. బరువు, ఖర్చు పక్కన పెడితే అంతకంటే నిండైన జవాబు ఇంకోటి రాలేదనిపిస్తుంది.

బ్లాక్ హీటర్

ఆ పనినే కరెంటు తీగతో చేసేది బ్లాక్ హీటర్. అమెరికాలోని నార్త్ డకోటాలో ఆండ్రూ ఫ్రీమన్ 1940ల్లో దీన్ని తయారు చేశాడు, 1949లో పేటెంట్ వచ్చింది. ఇంజిన్ బ్లాక్‌లోని కూలెంట్‌లో మునిగి ఉండే చిన్న హీటర్ ఇది. కమిన్స్ 5.9లో ఉండేది 750 వాట్లది, పెద్ద ఇంజిన్లకి వెయ్యి వాట్లు దాటుతుంది. సిలిండర్ గోడలు వెచ్చబడతాయి, గోడల మీది ఆయిల్ పొర సడలుతుంది, లోపలికొచ్చిన గాలి తన వేడిని గోడలకి పోగొట్టుకోదు. వేడి లోటు, వేగం లోటు రెండూ తగ్గుతాయి, బ్యాటరీ మీద ఒక్క ఆంపియర్ భారం పడదు. రాత్రంతా పెట్టి ఉంచాల్సిన పనీ లేదు, మామూలుగా బయల్దేరే ముందు రెండు నుంచి నాలుగు గంటలు సరిపోతాయి. టైమర్ పెడితే కరెంటు ఆదా.

జాగ్రత్తలు కొన్నున్నాయి. కూలెంట్ మార్చిన వెంటనే లోపల గాలి బుడగ మిగిలితే హీటర్ ఎలిమెంట్ పొడిగా కాలిపోతుంది, ముందు ఇంజిన్ నడిపి గాలి పోనిచ్చాకే ప్లగ్ పెట్టాలి. 120 వోల్టుల హీటర్‌ని 230 వోల్టులకి కలిపితే అది దాదాపు నాలుగు రెట్ల శక్తి లాగి మాడిపోతుంది. దిగుమతైన పాత ట్రక్కుల్లో దీన్ని తప్పక చూసుకోవాలి. కింద ఆయిల్ చాంబర్‌ని ఇది పెద్దగా వేడి చేయదు, దానికి అంటించే ప్యాడ్లు వేరే ఉంటాయి. డిప్‌స్టిక్ రంధ్రంలో దూర్చే హీటర్లు మాత్రం నాకు నచ్చవు, ఉన్నచోట ఆయిల్ మాడుతుంది, పక్కకి వేడి పాకదు. ఇక కరెంటు దొరకని చోట ఆగే లారీలకి వెబాస్టో, ఎబర్‌స్పేషర్ వంటి డీజిల్‌తో మండే కూలెంట్ హీటర్లున్నాయి. ఖరీదైనవే, కానీ బ్యాటరీ నుంచి కొద్దిగా తీసుకుని కిలోవాట్ల వేడి ఇస్తాయి. ఆయిల్ చాంబర్ కింద మంట పెట్టే పాత అలవాటుకి ఇవి సరైన ప్రత్యామ్నాయం. జిడ్డు పట్టిన ఇంజిన్, ప్లాస్టిక్ గొట్టాలు, వాటి కింద మంట: ఈ కలయిక గురించి వేరే చెప్పక్కర్లేదు.

పేరుకునే డీజిల్

పొగ లేని ఇంజిన్ సంగతి మిగిలింది. డీజిల్‌లో మైనం ఉంటుంది. చలి పెరిగేకొద్దీ మొదట అది మసకగా, తర్వాత చిన్న స్ఫటికాలుగా విడిపోతుంది. ట్యాంకులో డీజిల్ ఇంకా పారుతూనే ఉంటుంది కానీ ఫిల్టర్ కాగితం మూసుకుపోతుంది. అందుకే ఇంజిన్ అందుకుని, ఒకటి రెండు నిమిషాలు నడిచి, ఊపిరాడనట్టు ఆగిపోతే ముందు ఫిల్టర్‌ని అనుమానించాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 590లో డీజిల్‌ని ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రతని బట్టి గ్రేడులుగా విడదీశారు. మామూలు గ్రేడులు ప్లస్ 5 నుంచి మైనస్ 20 దాకా, ఆర్కిటిక్ తరగతులు మైనస్ 44 దాకా వెళ్తాయి. వెచ్చటి ప్రాంతంలో నింపిన ట్యాంకుతో చలి ప్రాంతానికి వెళ్లిన లారీ ఆగిపోవడానికి కారణం తరచూ ఇదే.

గడ్డకట్టకుండా కలిపే అడిటివ్ డీజిల్ ఇంకా తేటగా ఉన్నప్పుడే కలపాలి, మైనం విడిపోయాక దాని వల్ల లాభం లేదు. తర్వాత కరిగించడానికి అమ్మేవి వేరే రకం. కిరోసిన్ కలిపితే మైనం ఆలస్యంగా విడిపోతుంది, కానీ పంపుకి కావాల్సిన జిడ్డు తగ్గుతుంది కాబట్టి కొలత మించకూడదు. పెట్రోల్ కలపడం పాత పుస్తకాల్లో కనిపించినా ఇప్పుడు ఎవరూ చేయకూడని పని. ఫిల్టర్ అడుగున నీళ్లుంటే అవి ముందే గడ్డకడతాయి, చలి రాకముందే వదిలేసుకోవాలి.

అందుకున్న తర్వాత

ఇంజిన్ లేచాక కొద్దిసేపు తెల్ల పొగ, టకటక సహజమే. చాలా పాత పంపుల్లో చలిలో డీజిల్‌ని కాస్త ముందుగా చిమ్మే ఏర్పాటు, కాస్త ఎక్కువ ఐడిల్ ఇచ్చే ఏర్పాటు ఉంటాయి, అవి పని చేస్తున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. మామూలు ఐడిల్ మీద గంటలు గంటలు వదిలేస్తే ఇంజిన్ వేడెక్కదు, కాలని డీజిల్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. కొంచెం రేజ్ మీద ఉంచి, ఆయిల్ ప్రెషర్ నిలబడ్డాక, నెమ్మదిగా నడుపుతూ వేడెక్కించడం నయం.

కొన్ని నిమిషాల తర్వాత కూడా ఇంజిన్ తడబడుతూ పొగ పోకపోతే ఒకటి రెండు సిలిండర్లు అందుకోలేదన్నమాట. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఒక్కో సిలిండర్ నుంచి వచ్చే దారి దగ్గర వేడి చూడండి. మిగతావాటికంటే బాగా చల్లగా ఉన్న సిలిండర్‌ని గుర్తు పెట్టుకుని, ఇంజిన్ ఆపాక ముందు దాని హీటర్ ప్లగ్, అది బాగుంటే నాజిల్, అదీ బాగుంటే కంప్రెషన్ పరీక్షించాలి.